దేవదానం రంగు వేసిన గిటారు

విజయవాడ ఆటోనగర్‌లో దేవదానం అనే లారీల పెయింటరు ఉండేవాడు. చెయ్యి బంగారమే కానీ, ఏ వస్తువునైనా ఒక్క చూపు చూసి తీర్పు చెప్పేయడం ఆయనకున్న జబ్బు.

చెయ్యి బంగారమని ఊరికే అనలేదు పిల్లలూ. తుప్పు పట్టి, సొట్టలు పడి, డ్రైవరుకే ఎక్కాలంటే సిగ్గేసే లారీని ఆయన షెడ్డులోకి తోలితే, వారం తిరిగేసరికి పెళ్లికొడుకులా బయటికి వచ్చేది. సొట్టలు కొట్టించేవాడు, గుంటలకి లప్పం పెట్టేవాడు, గరుకు కాగితంతో రుద్దేవాడు, స్ప్రే గన్ను పట్టి రంగు కొట్టేవాడు. ఆ మీద సన్న కుంచెతో తామరపూలు, చిలకలు, వంపులు తిరిగిన అక్షరాలు. ఆయన రాసిన అక్షరం చదవడానికి వెనకాల బస్సులు నెమ్మదిగా వెళ్లేవంటే నమ్మండి.

జబ్బు సంగతి కూడా చెప్పాలి కదా. గేటు దగ్గర బండి ఆగగానే, కుర్చీలోంచి లేవకుండానే, "ఇది సున్నంరాయి తోలిన బండి, క్లీనరు సోమరి, కుడి తలుపు ఒకసారి ఊడి పడింది" అనేవాడు. పదింట ఎనిమిదిసార్లు నిజమయ్యేది. అదే ఆయన కొంప ముంచింది. మనిషికి ఎప్పుడూ తప్పే అయితే ఏదో ఒకనాడు బుద్ధి వస్తుంది. ఎక్కువసార్లు ఒప్పయ్యేవాడికి బుద్ధి చెప్పేదెవరు?

దేవదానానికి ఒక అక్క ఉండేది, సుగుణమ్మ. ఆమె భర్త జీవరత్నం సింగ్ నగర్‌లో ఉండేవాడు. ఆ పేటలోని చర్చిలో నలభై ఏళ్లు కరెంటు గిటారు వాయించాడు. ఆయన గిటారు మొదలెడితే పాటలు రాని ముసలమ్మలు కూడా గొంతు కలిపేవాళ్లు. ఆయన దగ్గర నేర్చుకున్న పిల్లలు పెద్దవాళ్లయి ఎక్కడెక్కడో ఉద్యోగాల్లో ఉన్నారు. అయితే పాపం, యాభై దాటాక ఆయన కళ్లకి నీటికాసుల జబ్బు పట్టుకుంది. చూపు అంచుల నుంచి తగ్గుకుంటూ వచ్చి, అరవై అయిదో ఏట పూర్తిగా పోయింది.

చూపు పోతుందని డాక్టరు ముందే చెప్పాడు. అప్పుడు జీవరత్నం ఏం చేశాడో తెలుసా? గిటారు మెడ అంచున, బొటనవేలు తగిలే చోట, ఆకురాయితో చిన్న చిన్న గాట్లు పెట్టుకున్నాడు. అయిదో మెట్టు దగ్గర ఒక గాటు, ఏడో మెట్టు దగ్గర రెండు, పన్నెండో దాని దగ్గర ఒక లోతైన గాటు. వీణకి ఉన్నట్టే గిటారుకీ మెట్లు ఉంటాయి కదా, ఏ మెట్టు మీద వేలు పెట్టాలో ఆ గాట్లే చెప్పేవి. చూపు పోయిన ఆదివారం కూడా ఆయన ఒక్క స్వరం తప్పలేదు.

బుడమేరు వాగు పొంగిన ఏడాది ఆ ఇల్లు మునిగింది. మనుషులు డాబా ఎక్కి బతికారు. గిటారు నాలుగు రోజులు నీళ్లలో ఉండిపోయింది. బయటికి తీస్తే చెక్క పొరలు పొరలుగా విడిపోయింది. ఆ రోజు నుంచి జీవరత్నం చర్చికి వెళ్లినా వెనక బెంచీలో కూర్చునేవాడు. వేరే గిటారు ఇస్తే రెండు నిమిషాలు తడిమి, "ఇందులో నాకు దారి తెలియడం లేదు నాయనా" అని తిరిగి ఇచ్చేసేవాడు. తిండి తగ్గింది. మాట తగ్గింది.

ఆయన శిష్యులు ఇది విని తట్టుకోలేకపోయారు. అందరూ కలిసి, కొడగు వైపు చంగప్ప అనే ముసలి పనివాణ్ని పట్టుకున్నారు. పాతకాలపు గిటార్ల పోలికలో కొత్తవి చెయ్యడం అతని పని. కొత్త చెక్కే, కొత్త తీగలే, కానీ చూడ్డానికీ ముట్టుకోవడానికీ నలభై ఏళ్లు వాయించినట్టు ఉంటుంది. చంగప్ప స్వయంగా రైలెక్కి విజయవాడ వచ్చాడు. జీవరత్నం ఎడమచెయ్యి పట్టుకుని కాగితం మీద గీత గీసుకున్నాడు. పాత ఫోటోలు చూసుకున్నాడు. ఒక కర్ర ఇచ్చి, "ఏ గాటు ఎక్కడ ఉండేదో చూపించు అయ్యా" అన్నాడు. జీవరత్నం చూపించాడు. ఆ తరువాత మెడ చెక్కి పంపడం, ఈయన తడిమి "ఇక్కడ ఇంకా లోపలికి" అనడం, అది వెనక్కి పోవడం, ఇలా మూడుసార్లు నడిచింది. దీనికే ఏడాది పట్టింది.

అక్క ఇంట్లో ఈ మాటలు జరిగినప్పుడల్లా దేవదానం అక్కడే ఉన్నాడు. టీ తాగుతూ, తన లారీల గురించి ఆలోచించుకుంటూ. 'బావకి కొత్త గిటారు వస్తోంది' అన్నంత వరకే బుర్రకెక్కించుకున్నాడు.

గిటారు పార్సిల్ లారీలో మంగళవారం ఆటోనగర్ చేరింది. ఆదివారం చర్చిలో కృతజ్ఞతల కూడిక. ఆ రోజు జీవరత్నం మళ్లీ వాయిస్తాడని పేటంతా చెప్పుకుంటున్నారు. సుగుణమ్మ తమ్ముడికి ఫోన్ చేసి, "ఒరేయ్, పార్సిల్ ఆఫీసు నీ షెడ్డు పక్కనేగా. దాన్ని తీసుకుని తిన్నగా ఇంటికి రా. మీ బావ పొద్దుటి నుంచి గుమ్మంలోనే కూర్చున్నాడు" అంది.

దేవదానం పెట్టె తెచ్చాడు. తిన్నగా ఇంటికి వెళ్లి ఉంటే ఈ కథే లేదు. ఒక్కసారి చూద్దామని మూత తీశాడు. పక్క షెడ్డులో లారీలకి వైరింగు చేసే మస్తాన్ కూడా చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

గిటారుని చూడగానే దేవదానం మొహం మాడిపోయింది.

"ఇదేంటి మస్తానూ? పొట్ట లేదు, పొట్టకి కన్నం లేదు. రొట్టెల పీటకి కర్ర తగిలించినట్టు ఉంది."

"కరెంటు గిటారు అలాగే ఉంటుంది సామీ. పొట్ట నీకుంది చాల్లే."

"ఎగతాళి తరువాత. ఆ రంగు చూడు, కడగని టీ గ్లాసులాగా. ఇదిగో, చెయ్యి ఆనించే చోట చెక్క బయటపడింది. మరలకి తుప్పు. మెడ పక్కన చూడు, గుంటలు! పురుగు తినేసింది. కొత్తదంట, కొత్తది! ఏ గోదాములోనో ముప్ఫై ఏళ్లు పడి ఉన్నదాన్ని గుడ్డివాడు కదా అని మా బావకి అంటగట్టారు."

"మోగించి చూశావా?"

దేవదానం ఒక తీగ లాగాడు. సన్నగా, ఎక్కడో దూరాన మోగినట్టు మోగింది.

"విన్నావా? దోమ ఇంతకన్నా గట్టిగా అరుస్తుంది."

మస్తాన్ తల అడ్డంగా ఊపాడు. "దానికి స్పీకరు పెట్టె తగిలించాలి దేవదానం. నా దగ్గర వైరుంది, తగిలించి విందాం. అప్పుడు తిట్టుకో. నేనెప్పుడైనా హారను చూసి బాగుందని చెప్పానా? నొక్కి చెబుతాను. అదీ వద్దంటే మీ బావకి ఒక్క ఫోన్ కొట్టు."

"ఫోన్ కొట్టి ఏం చెప్పమంటావు? బావా, నిన్ను మోసం చేశారు, నీ శిష్యులే నీకు పాత సామాను పంపారు అని చెప్పనా? ఆ మనిషి గుండె ఆగిపోతుంది."

"మీ బావకి కనపడదు కదయ్యా. రంగు పోతే ఆయనకేం?"

"బావకి కనపడదు సరే, పేటకి కనపడదా? ఆదివారం అంత మంది ముందు ఇది పట్టుకుని నిలబడితే, దేవదానం బావకి పాత గిటారే గతి అనరా? నేను బతికుండగానా!"

చూశారా! దేవదానానికి బావ మీద ప్రేమ లేదని నేను అనను. కావలసినంత ఉంది. ఆ ప్రేమ ఆయన్ని ఒక్క ప్రశ్న అడగనిచ్చి ఉంటే ఎంత బాగుండేది!

"నలభై ఏళ్లుగా బండ్లు చూస్తున్నాను. నాకు ఒక్క చూపు చాలు" అన్నాడు. మస్తాన్ తన పనికి వెళ్లిపోయాడు.

దేవదానం అక్కకి ఫోన్ చేసి, "బండి ఇంకా రాలేదక్కా, దారిలో ఉందంట" అని అబద్ధం చెప్పాడు. వెనక నుంచి జీవరత్నం గొంతు వినిపించింది. "ఎక్కడిదాకా వచ్చిందో అడుగు సుగుణా."

ఆ నాలుగు రోజులూ దేవదానం వేరే బండి ముట్టుకోలేదు. తీగలు విప్పాడు. మెడ అంచున ఉన్న గుంటలన్నిటికీ లప్పం పెట్టి, వేలు జారిపోయేంత నున్నగా రుద్దాడు. చెయ్యి ఆనే చోట పల్లంగా ఉంటే అక్కడా లప్పం నింపి సమం చేశాడు. మెడ వెనక అరచెయ్యి పట్టే వంపు వంకరగా ఉందనిపించి దాన్నీ సరిచేశాడు. మెట్లు మసకగా ఉంటే తళతళలాడేదాకా అరగదీశాడు. తీగల కింద అయస్కాంతాల పెట్టెలు రెండు ఉంటాయి, స్పీకరుకి శబ్దాన్ని పంపేవి అవే. వాటికి రంగు అంటకుండా కాగితం అంటించాడు. అంతవరకు జాగ్రత్తే. లారీ ముందు భాగానికి కొట్టే ఎర్ర రంగు మూడు కోట్లు కొట్టాడు. ఆదివారానికి ఆరదేమోనని, తలుపులు ఆరబెట్టే పెద్ద వేడి దీపాల కింద రెండు రోజులు ఉంచాడు. చివరికి సన్న కుంచె తీసి, చుట్టూ పసుపు తామరపూలు వేసి, మధ్యలో 'దేవుని కృప' అని తన జన్మలో ఎన్నడూ రాయనంత అందంగా రాశాడు. విప్పిన తీగలు మళ్లీ బిగించాడు.

నిజం చెప్పాలంటే అది ఆయన చేసిన పనులన్నిటిలోకీ గొప్ప పని.

శుక్రవారం సుగుణమ్మ మళ్లీ ఫోన్ చేసింది. "ఒరేయ్, ఆ బండి ఏమైందో కాస్త కనుక్కో. మీ బావ గోళ్లు కత్తిరించుకుని కూర్చున్నాడు. చేతికి కొబ్బరినూనె రాయమంటున్నాడు, వేళ్లు బిగిసిపోయాయంట. చిన్నపిల్లాడికన్నా అన్యాయంగా ఉన్నాడు."

"ఆదివారం చర్చికే తెచ్చేస్తానక్కా. బావని కంగారు పడొద్దను" అన్నాడు దేవదానం, నవ్వు ఆపుకుంటూ.

ఆదివారం వచ్చింది. చర్చి కిటకిటలాడింది. దేవదానం గిటారుని దుప్పటి కప్పి తెచ్చి, వేదిక మీద దుప్పటి లాగేశాడు. ఎర్రగా, పసుపుపూలతో అది దగదగా మెరిసింది. జనం చప్పట్లు కొట్టారు. "ఎంత బాగుందో!" అని ఒకళ్లతో ఒకళ్లు చెప్పుకున్నారు. దేవదానం ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

సుగుణమ్మ భర్తని నడిపించుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది. ఆయన తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని వేసుకున్నాడు. మొహం వెలిగిపోతోంది. గిటారుని ఒళ్లో పెట్టగానే ఎడమచెయ్యి మెడ మీదికి వెళ్లింది. బొటనవేలు అంచు వెంబడి పైకి వెళ్లింది, కిందికి వచ్చింది. మళ్లీ పైకి వెళ్లింది. మళ్లీ కిందికి వచ్చింది.

ఆయన మొహంలో వెలుగు తగ్గిపోయింది.

"దేవదానం, ఇది ఎవరిదిరా?"

"నీదే బావా! కొత్తది!"

"కాదురా. ఇది నున్నగా ఉంది. నాది ఎక్కడుంది?"

"ఇదే నీది బావా. పాడైపోయి వస్తే నేను బాగుచేశాను. గుంటలన్నీ పూడ్చేశాను. ఒక్క గీత కనపడదు, కావాలంటే ఎవర్నైనా అడుగు."

జీవరత్నం చెయ్యి అక్కడే ఆగింది. పాస్టరుగారు ఆయన కంగారు పడుతున్నాడనుకుని, "మొదలుపెట్టండి అన్నయ్యా, అందరం పాడతాం" అన్నారు. ఎవరో స్పీకరు పెట్టెకి వైరు తగిలించారు.

జీవరత్నం తీగ మీటాడు. షెడ్డులో వేడి దీపాల కింద ఉన్నప్పుడే, ఆ అయస్కాంతాల పెట్టెల్లో తీగచుట్టలు కదలకుండా పోసిన మైనం అంతా కరిగి కారిపోయింది. స్పీకరులోంచి ఈల లాంటి పెద్ద కీచు వచ్చింది. పసిపిల్లలు చెవులు మూసుకుని ఏడ్చారు. ఆయన తీగల మీద అరచెయ్యి వేసి ఆపాడు. మళ్లీ ప్రయత్నించాడు. వేడికి మెడ వంగింది, మెట్లు అరిగిపోయాయి. వేలు ఎక్కడ పెట్టినా తీగ గరగరమంది. మూడోసారి ఆయన వేళ్లు మెడ మీద దారి వెతుక్కుంటూ వెతుక్కుంటూ ఆగిపోయాయి.

ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఎవరో వాళ్లని కసిరారు.

జీవరత్నం లేచి, జనం వైపు చేతులు జోడించి, "క్షమించండి. మీరు పాడుకోండి" అన్నాడు. గిటారుని కుర్చీలో పెట్టి, భార్య భుజం పట్టుకుని వేదిక దిగి బయటికి వెళ్లిపోయాడు.

దేవదానం వెనకాల పరుగెత్తాడు. బయట చెప్పుల దగ్గర బావని పట్టుకున్నాడు. అప్పటికి సుగుణమ్మ ఏడుస్తోంది.

"ఆ గుంటలు పురుగు తిన్నవి కాదురా!" అంది. "అవి మీ బావ కళ్లు. చంగప్ప ఏడాదిపాటు ఒక్కొక్కటీ కొలిచి చెక్కాడు. ఇంట్లో ఎన్నిసార్లు అనుకున్నాం, నీ ముందే అనుకున్నాం!"

దేవదానం అక్క చెయ్యి పట్టుకున్నాడు. "నేను… చూడగానే పాతదనుకున్నానక్కా. బావ పరువు పోతుందనుకున్నాను."

జీవరత్నం తిట్టలేదు. తిట్టి ఉంటే దేవదానానికి కొంత తేలికయ్యేది. ఆయన మెల్లగా, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగాడు.

"నాకు కనపడదు కదరా. ఎవరికోసం రంగేశావు?"



సోమవారం పొద్దున్నే దేవదానం చంగప్పకి ఫోన్ చేశాడు. జరిగింది దాచకుండా చెప్పాడు.

"మొదటిసారి చూడగానే నీకేమనిపించింది నాయనా?" అని అడిగాడు చంగప్ప, తన వచ్చీరాని తెలుగులో.

"బాగా పాతది, ఎవరో చాలా ఏళ్లు వాయించింది అనిపించిందయ్యా."

"అలా అనిపించాలనే నేను ఏడాది పనిచేశాను."

"ఇంకొకటి చెయ్యండయ్యా. మీ కాళ్లు పట్టుకుంటాను. నా షెడ్డు అమ్మేస్తాను."

"షెడ్డు ఏం చేసుకుంటాను? నా చేతులు వణుకుతున్నాయి. పోయిన నెలే ఉలి పక్కన పెట్టేశాను. అది నా ఆఖరి గిటారు."

దేవదానం ఊరుకోలేదు. తను పెట్టిన లప్పం తనే గీకాడు, దాంతోపాటు గాట్ల అంచులూ లేచిపోయాయి. గాట్లు మళ్లీ పెట్టబోయాడు. కుదరలేదు, ఎంత లోతు, ఎంత దూరం అన్నది చంగప్ప చేతికే తెలుసు. వంగిన మెడని బరువులు పెట్టి తిన్నగా చెయ్యబోతే టప్‌మని బీట ఇచ్చింది. మస్తాన్ ఆ అయస్కాంతాల పెట్టెలు విప్పి చూసి, వెంట్రుకలాంటి రాగి తీగ లోపల తెగి ఉండటం చూపించి, తిరిగి ఇచ్చేశాడు. "నీకు ముందే చెప్పాను" అని అనగలడు. అనలేదు, మంచివాడు.

శిష్యులు వేరే గిటారు కొని పంపారు. ఆకురాయి కూడా పంపారు, గాట్లు పెట్టుకోమని. జీవరత్నం రోజుకి కాసేపు దాన్ని ఒళ్లో పెట్టుకునేవాడు. ఆకురాయి పట్టుకుని, ఎక్కడ పెట్టాలో తేల్చుకోలేక, మళ్లీ కింద పెట్టేసేవాడు. మునిగిపోయిన గిటారు మీద గాట్లు చూపుండగా పెట్టుకున్నవి. చంగప్పకి కర్ర మీద చూపించినప్పుడు వేళ్లకి ఇంకా గుర్తుంది. వాయించక వాయించక ఆ గుర్తూ చెదిరింది. ఒక నెల గడిచాక, "ఇది ఎవరైనా నేర్చుకునే పిల్లలకి ఇచ్చెయ్యి సుగుణా. వట్టినే ఎందుకు?" అన్నాడు.

ఆయన మళ్లీ వాయించలేదు. ఆ పైయేడు వానాకాలంలో, నిద్రలోనే పోయాడు. సమాధి దగ్గర పాటలు పాడారు కానీ, గిటారు లేదు.

ఆ ఎర్ర గిటారు ఇప్పటికీ దేవదానం షెడ్డులో గోడకి వేలాడుతూ ఉంది. బండ్లు తెచ్చిన డ్రైవర్లు దాన్ని చూడగానే, "అబ్బ, ఏం పనితనం గురువుగారూ! మా బండికీ ఇలాగే వెయ్యండి" అంటారు. దేవదానం దాని వైపు చూడడు. "ముందు కూర్చో. బండి నీదా? ఏం తోలతావు? ఏ సొట్ట ఉంచాలి, ఏది తియ్యాలి?" అని ఒక్కొక్కటీ అడుగుతాడు. అడగడం నేర్చుకున్నాడు. ఎవరిని అడిగి ఉండవలసిందో ఆ మనిషి మాత్రం లేడు.

కాబట్టి పిల్లలూ, ఈ కథ నేర్పేది ఇదే: మొదటి చూపుకి ఏది ఎలా కనిపించినా, దాన్ని వాడేవాణ్ని ఒక్క మాట అడగకుండా బాగుచెయ్యబోకండి, అడగని ప్రేమ చేసిన కీడుని ఆ తరువాత ఎంత ఏడ్చినా సరిచెయ్యలేం.